తోటికోడలు వద్దన్న కార్డులు

రెండు నెలలుగా ఫోన్లో ఒక కార్డుల గేమ్ ఆడుతున్నాను. కార్డులు వేసి రాక్షసులను కొడుతూ అంతస్తులు ఎక్కాలి. గెలిచిన ప్రతిసారీ ఒక కొత్త కార్డు ఇస్తారు. ఒక్కసారి చచ్చామా, మళ్లీ మొదటి అంతస్తే. ఎంచుకోడానికి ఉన్న పాత్రల్లో నేనెప్పుడూ కత్తివీరుడితోనే ఆడతాను. చివరి అంతస్తు ఒక్కసారీ దాటలేదు.

ఈ మధ్యాహ్నం వైశాలి నగర్‌లో ఉండే మా తోటికోడలు సెక్టర్ 7లోని మా క్వార్టర్‌కి వచ్చింది. నా ఫోన్ అందుకుని, పనికిరాదని నేను వదిలేసిన మంత్రగత్తెతో ఆట మొదలుపెట్టింది. నేను పిండి కలిపి, పకోడీలు వేసి, టీ పెట్టి తెచ్చేసరికి చివరి అంతస్తు కూడా దాటి గెలిచేసింది! నాకు ఒళ్లు మండిపోయింది.

"లక్కులే," అన్నాను.

"అరే అక్కా, ఇచ్చిన ప్రతి కార్డూ తీసీసుకుంటావేటి? పనికొచ్చినవే ఉంచాల. మిగతావి వద్దనెయ్యాల, లేపోతే మంచివి చేతికి రావు," అంది పకోడీ నములుతూ.

ఆమె గేటు దాటగానే అదే మంత్రగత్తెతో కూర్చున్నాను. ఆమె చెప్పినట్టే సగం కార్డులు వద్దన్నాను. గెలిచాను.

ఇందాక ఆమె మెసేజ్ పెట్టింది: "మళ్లీ ఆడేవా అక్కా?"

"ఎక్కడమ్మా, వంటతోనే సరిపోయింది," అని జవాబిచ్చాను.

మీరైతే నిజం చెప్పేవారా?