సింధూజ గుప్పిట్లో తాళంచెవి

సింధూజకు ఒక్కచోట కాలు నిలువదు. మిల్లుల పేట ఉధ్నాలో, బట్ట నేసే సాంచాల చప్పుడు నడుమ పెరిగిన పిల్ల. పాలిస్టర్ దారం ముట్టి ముట్టి, ఇనుప తలుపు పట్టుకుంటే చేతికి చురుక్కుమనేది. అందుకే ఏ తలుపుకైనా ముందు తాళంచెవి ఆనించి, తర్వాతనే చెయ్యి వేస్తది. చదువుకున్న పిల్లకు అంత భయమేందని నవ్వొస్తది గానీ, ఆ చురుకు తిన్నోళ్లకే తెలుస్తది. కాలేజీ ల్యాబులో ఆమె పని కూడా అసుంటి కరెంటు లాగుడు మీదనే. రక్తానికి ఎరుపునిచ్చే ప్రోటీన్‌ల, ఇనుము చుట్టూ అది ఎటు లాగుతదో కంప్యూటర్‌ల లెక్క కడుతది. వెలుతురు పంపితే మిషన్ గీసే గీతతో సరిచూస్తది. మిగతా శాంపిళ్లల్ల రెండూ కలిసినయ్. ఒక్కదాంట్ల మాత్రం లెక్క ఒక దిక్కు, గీత ఒక దిక్కు. ఇంటికొచ్చినా అదే ధ్యాస. ముందట చాయ చల్లారుతది, ఆమె గోర్లు కొరుకుతది, మళ్లీ లేచి నడుస్తది.

"ఏందే, కాలుగాలిన పిల్లోలె తిరుగుతున్నవ్? జర కూసోని తిను," అన్నది తల్లి పద్మారాణి.

"లెక్క తప్పైతే రెండేండ్ల పని గంగల కలుస్తదే అమ్మా."

"గంగ దాకా ఎందుకు, ఈ తాపీ నదిలనే కలుపు. బువ్వ తిని కలుపు."

ఆమెకు గైడైన జయదేవ్ సారేమో ఆ ఒక్క గీత వదిలేసి జర్నల్‌కు పేపరు పంపుదామన్నడు. తెల్లారి పొద్దున సింధూజ ల్యాబుల అదే రకం కొత్త శాంపిల్ పెట్టి చూసింది. గీత మళ్లీ అక్కడనే నిలబడ్డది. తాళంచెవి బల్లమీదనే మరిచి, పోయి సారు గది తలుపు పట్టుకున్నది. చెయ్యి చురుక్కుమన్నా వదల్లే.

"గీత మంచిగనే ఉన్నది సార్. నా లెక్కనే తప్పు. పేపరు పంపొద్దు."

సారు మొహం చూడకుండనే వచ్చి కుర్చీల కూసున్నది. ఆ పూట చాయ వేడివేడిగ తాగింది.