ఇద్వాల్ దాటిన గేటు

ఇద్వాల్ పార్రీ ముప్ఫై ఎనిమిదేళ్లు మా లోయలో ఉత్తరాలు పంచాడు. అంతకాలం నడిచిన మనిషి రిటైరయ్యాక కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటాడనుకున్నాం. సరిగ్గా పదిహేను రోజులు కూర్చున్నాడు. పదహారో రోజున పోస్టాఫీసు తలుపు మీద కాగితం అతికించాడు: ‘శనివారం తొమ్మిదింటికి కొండ మీదికి. గట్టి బూట్లు వేసుకుని రండి. వాన పడుతుంది.’

వాన పడింది. అయినా పదకొండు మంది వచ్చారు. మా శనివారం నడకల సంఘం అలా మొదలైంది. వారమంతా బడిపిల్లల్ని తిప్పే మినీబస్సును శనివారం నడిచేవాళ్ల కోసం నేనే తోలేదాన్ని. మా అమ్మా, ఇద్వాల్ భార్య ఓల్వెన్ పిన్నీ ఊరి ప్రార్థనామందిరం చాపెల్‌లో పాటలు పాడేటప్పుడు పక్కపక్కనే నిలబడేవారు. ఆ చనువుతో ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను ఎలెరీ అని పిలిచేది కోపమొచ్చినప్పుడే. మామూలుగా ‘అమ్మాయ్’.

కొండ ఎక్కేటప్పుడు ఆయన ముందు, పిన్ని అందరికంటే చివర. ఆయాసపడి ఆగిపోయినవాళ్లకి ఎండుద్రాక్ష రొట్టె ముక్క చేతిలో పెట్టి, “కంగారేం లేదు. కొండ ఎక్కడికీ పోదు. మా ఆయనా పోడు, టీ ఫ్లాస్కు నా దగ్గరే ఉంది” అనేది.

మా వైపు ఒకే ఇంటిపేరు వాళ్లు వీధికి పదిమంది. అందుకని రైతుల్ని పొలం పేరుతోనే పిలుస్తాం. డిల్విన్ బ్లయిన్‌కూమ్ అంటే, లోయ చివర బ్లయిన్‌కూమ్ పొలం ఆసామి డిల్విన్. శిఖరానికి పోయే పాత కాలిబాట అతని పొలం మధ్యలోంచే వెళ్తుంది. నడిచేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట. సంఘం పెట్టిన మొదటి వసంతంలోనే బాటకి అడ్డంగా ముళ్లతీగ కట్టేశాడు.

“బాట అందరిదీ, డిల్విన్” అన్నాడు బాబాయ్.

“గొర్రెలు మాత్రం నావి. నీ పట్నం మంద గేట్లు బార్లా తీసిపోతే వెతుక్కునేది నేనా, మీ పోస్టాఫీసా?”

“ముప్ఫై ఎనిమిదేళ్లు నీ గుమ్మానికి ఉత్తరాలు తెచ్చాను. ఒక్కసారైనా గేటు తీసి వదిలేశానా?”

“ఒక్కసారైనా మంచి కబురు తెచ్చావా?”

ఆ వారంలోనే బాబాయ్ ఒంటరిగా కొండెక్కి, గుంటలో వెల్లకిలా పడి ఉన్న డిల్విన్ గొర్రెను చూశాడు. వానకి ఉన్ని తడిసి బరువెక్కితే గొర్రె దానంతటది లేవలేదు. కాకులు అప్పటికే చుట్టూ చేరాయి. దాన్ని లేపి, మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కాళ్లలో సత్తువ వచ్చేదాకా గంటసేపు వానలో నిలబడ్డాడు. తర్వాత దిగివచ్చి డిల్విన్ తలుపు తట్టాడు.

“ఏ గొర్రె?” అన్నాడు డిల్విన్.

“ఎడమ చెవికి రెండు గాట్లు.”

“అదా! వాళ్లమ్మ కూడా ఇంతే, ఎక్కడ పడితే అక్కడ దొర్లేది.” నీళ్లు కారుతున్న బాబాయ్ ప్యాంటు వంక చూసి, “లోపలికి రా ముసలోడా, పొయ్యి వెలుగుతోంది” అన్నాడు.

ముళ్లతీగ పోయింది. దాని స్థానంలో రాతిగోడ దాటడానికి చెక్కమెట్లు ఇద్దరూ కలిసి కట్టారు. అప్పటినుంచి ప్రతి శనివారం డిల్విన్ గేటు దగ్గర నిలబడి మమ్మల్ని లెక్కపెట్టేవాడు. “పద్నాలుగు ఎక్కుతున్నాయి. పద్నాలుగూ దిగాలి. తగ్గితే నా కుక్కని పంపుతా, అది కరిచి మరీ తోలుకొస్తుంది.”

తొంభై ఆరు ఏప్రిల్లో ఓల్వెన్ పిన్ని పోయింది. రొమ్ములో గడ్డ, బయటపడేసరికే ఆలస్యమైంది. తన బూడిదని కొండ మీద కలిపేయమని అడిగిందట. ఆ మాట డిల్విన్‌తో ఎలా అనాలో తెలియక బాబాయ్ అతని పెరట్లో నిలబడి వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. డిల్విన్ తనే అందుకున్నాడు.

“పైన రాతిగోడ వంపులో ఓ మూల ఉంది. గాలి కొట్టదు. వాన వస్తే నా గొర్రెలు అక్కడే చేరతాయి. అక్కడైతే ఆవిడకి చలెయ్యదు.”

చితాభస్మం అక్కడే చల్లాం. ఏటా ఆవిడ పోయిన రోజున, ఏప్రిల్ పదిహేడున, బాబాయ్ టీ ఫ్లాస్కు పట్టుకుని ఒక్కడే ఆ మూలకి వెళ్లి కూర్చుని వచ్చేవాడు.

రెండువేల ఒకటిలో పశువులకి గాలికుంటు రోగం వచ్చింది. ఫిబ్రవరి ఆఖరుకి కాలిబాటలన్నీ మూసేశారు. నడిచేవాళ్ల బూట్లకంటిన మట్టితో కూడా రోగం పాకుతుందన్నారు. ఒక్క పశువుకి అంటితే ఆ పొలంలోని మందంతా చంపాల్సిందే. ప్రతి పొలం ముందూ మందునీళ్లలో నానబెట్టిన గడ్డి పరిచారు. ‘దారి లేదు’ అన్న ఎర్ర అక్షరాల పలకలు కట్టే పని బాబాయే మీదేసుకున్నాడు. ఇరవై మూడు గేట్లకి స్వయంగా కట్టాడు.

బ్లయిన్‌కూమ్ మంద సంగతి వేరు. కొండ పైన కంచెల్లేవు. ఏ గొర్రె ఎక్కడ మేయాలో, మంచు పడితే ఏ వంపులోకి పోవాలో తల్లి నడుస్తూ ఉంటే పిల్ల వెంట నడిచి నేర్చుకుంటుంది. డిల్విన్ తాత నాటినుంచీ ఆ నేర్పు తల్లినుంచి పిల్లకి దిగుతూ వచ్చింది. సంతలో కొని తెచ్చుకునే సరుకు కాదది.

మార్చి నెలంతా డిల్విన్ పొలం దాటి రాలేదు. బాబాయ్ రొట్టే, పేపరూ తీసుకెళ్లి గేటు బయట డబ్బాలో పెట్టేవాడు. డిల్విన్ పెరట్లోంచే కేకేసేవాడు.

“ముసలోడా, బూట్లు కడుక్కున్నావా?”

“నీ మొహం కంటే శుభ్రంగా ఉన్నాయి!”

ఏప్రిల్ పదిహేడు వచ్చింది.

ఆ రోజు సంగతి ఆయన తర్వాత చెబితేనే నాకు తెలిసింది. తెల్లవారుజామున లేచి, వెళ్లకూడదనుకుంటూనే ఫ్లాస్కులో టీ పోసుకున్నాడు. బూట్లు మందునీళ్లతో రెండుసార్లు కడిగాడు. మా వైపునుంచి ఎక్కితే డిల్విన్ కంట పడతాడని, పక్క లోయలోంచి, అక్కడి పొలాల పక్కగా చుట్టుదారిన వెళ్లాడు. తను పలక కట్టిన గేటునే ఎక్కి దాటాడు. రాతిగోడ మూలలో గొర్రెలు పిల్లలతో పడుకుని ఉన్నాయి. ఆయన్ని చూసి లేవనైనా లేవలేదు. వాటి మధ్యే అరగంట కూర్చున్నాడు.

మూడు రోజులకి పక్క లోయలో రోగం బయటపడింది. బాబాయ్ కొండెక్కిన తొమ్మిదో రోజున, ఇరవై ఆరున, బ్లయిన్‌కూమ్‌లో ఒక గొర్రె కుంటింది.

పెద్దవి ఆరువందల నలభై. పిల్లలు అంతకంటే ఎక్కువ. అన్నిటినీ చంపడానికి రెండు రోజులు పట్టింది. బడిబస్సు ఆ మలుపు తిరిగేటప్పుడు తుపాకీ చప్పుళ్లు వినబడేవి. ఎప్పుడూ చెవులు చిల్లులు పడేలా అరిచే పిల్లలు ఆ రెండు రోజులూ కిక్కురుమనలేదు. మూడో రోజునుంచి కళేబరాలు కాల్చే పొగ. ఆరేసిన దుప్పట్లకి కూడా ఆ వాసనే.

ఓ సాయంత్రం బస్సు కడుగుతుంటే బాబాయ్ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. ఆయన్ని గడ్డంతో నేనెన్నడూ చూడలేదు.

“ఎలెరీ, నేను పైకి వెళ్లాను.”

మొత్తం చెప్పాడు. నా చేతిలో గొట్టంలోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి.

“ఎవరికీ చెప్పకు బాబాయ్” అన్నాను. “బూట్లు కడుక్కున్నావు కదా. గాలిలోనే వచ్చిందేమో. లారీ చక్రాలకి వచ్చిందేమో.”

“ఏమో. నా కాళ్లకే వచ్చిందేమో.”

“చెబితే గొర్రెలు లేచొస్తాయా?”

“రావు.”

“మరి?”

“వాడింట్లో కూర్చుని టీ తాగుతూ ఈ మాట కడుపులో దాచుకోవడం నా వల్ల కాదే అమ్మాయ్.”

జూలైలో పొలం మీద ఆంక్షలు ఎత్తేశారు. బాబాయ్‌ని నేనే బస్సులో తీసుకెళ్లాను. బ్లయిన్‌కూమ్‌లో గడ్డి మోకాలెత్తు పెరిగింది, తినే నోరు లేక. కుక్క మొరగలేదు. డిల్విన్ ఉత్త కొట్టాం కడుగుతున్నాడు. మమ్మల్ని చూడగానే మొహం విప్పారింది.

“ఇన్నాళ్లకి గుర్తొచ్చానా ముసలోడా? రా, కెటిల్ పెడతా.”

“పెట్టకు. ముందు నా మాట విను” అన్నాడు బాబాయ్.

నిలబడే చెప్పాడు. టోపీ చేతుల్లో పట్టుకుని, ఏ దారిన వెళ్లాడో, ఏ గేటు దాటాడో, ఎంతసేపు కూర్చున్నాడో, ఒక్కటీ దాచకుండా. డిల్విన్ చేతిలో చీపురు కదల్లేదు.

“నువ్వు చెప్పకుండా ఉండాల్సింది” అన్నాడు చివరికి.

“నిజమే గానీ…”

“ఇన్నాళ్లూ గాలిని తిట్టుకున్నాను. దానికి మొహం లేదు. రాత్రి కళ్లు మూసుకుంటే ఏమీ కనబడేది కాదు. ఇకనుంచి నువ్వు కనబడతావు.” గొంతు పెంచలేదతను. “అధికారులకి చెప్పను. ఊళ్లో ఎవరికీ చెప్పను. నువ్వు మాత్రం ఇక ఇటు రాకు.”

“డిల్విన్…”

“వెళ్లిపో ఇద్వాల్.”

ముసలోడా అనలేదు. పేరు పెట్టి పిలిచాడు.

తిరుగుదారిలో బాబాయ్ కిటికీ వైపు కాక తన మోకాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు సంఘం కాగితాలూ, పటాలూ అట్టపెట్టెలో పెట్టి నాకిచ్చేశాడు. బాటలు తెరిచాక జనం మళ్లీ వచ్చారు. నేనే నడిపించాను, నాకు తెలిసినంతలో. బ్లయిన్‌కూమ్ బాటను డిల్విన్ మూయలేదు, కానీ మమ్మల్ని లెక్కపెట్టడానికి గేటు దగ్గరికీ రాలేదు. వేరే జిల్లానుంచి కొత్త మందను తెచ్చాడు. వాటికి కొండ తెలియదు. మొదటి చలికాలం మంచులో ఏ వంపులోకి పోవాలో తోచక చెల్లాచెదురయ్యాయి. రోజంతా అతనే కాపలా తిరిగేవాడు, కర్ర పట్టుకుని, అరవై రెండేళ్ల వయసులో.

బాబాయ్ మాత్రం ఊరి వీధి దాటి నడవలేదు. ఏప్రిల్ పదిహేడున వాళ్లింటికి వెళ్లేదాన్ని. మొదటి ఏడు, “పద, వేరే దారినుంచి కనీసం దూరంగానైనా చూసొద్దాం” అని బతిమాలాను.

“రావద్దన్నాడు కదే.”

“కొండంతా డిల్విన్‌దేనా?”

“ఆ మూల వాడిచ్చిందే” అన్నాడు. టీ ఒలికిపోతుంటే గాని తెలుసుకోలేదు, కప్పు నిండిందని.

రెండువేల నాలుగు జనవరిలో ఆయనకి న్యుమోనియా వచ్చింది. ఆస్పత్రిలో ఆరు రోజులున్నాడు. నర్సులు మందులిస్తే మింగాడు, వద్దనలేదు. అయినా, మేడ మెట్లు రెండు ఎక్కి ‘ఇక చాల్లే’ అని కూర్చుండిపోయినవాడిలా ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఒకటే చెప్పాడు.

“నన్ను చాపెల్ వెనక పాతిపెట్టండి. పైకి తీసుకెళ్లొద్దు.”

“పిన్ని అక్కడుంది బాబాయ్.”

“తెలుసు” అన్నాడు.

ఆయన మాటే జరిగింది. చాపెల్ వెనక, ఊరి వైపున. పాటకి లేచి నిలబడ్డప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆఖరి బెంచీలో డిల్విన్ ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. అందరూ టీకి వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు.

“పైకెందుకు తీసుకెళ్లలేదు?”

“ఆయనే వద్దన్నాడు.”

“నేను రావద్దన్నానని?”

 డిల్విన్ కోటు లోపలి జేబు మీద చెయ్యి వేసుకున్నాడు గానీ ఏమీ తీయలేదు.

“పశువుల డాక్టరు ఉత్తరం రాశాడు. కుంటిన గొర్రె నోట్లో పుళ్లు పరీక్ష చేశారట. అప్పటికే కనీసం పన్నెండు రోజులనాటివట అవి.”

లెక్క నాకు వెంటనే అందలేదు. అందాక వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాను. బాబాయ్ వెళ్లింది తొమ్మిది రోజుల ముందు. ఆయన గేటు దాటేసరికే మందలో రోగముంది.

“ఎప్పుడొచ్చింది ఆ ఉత్తరం?”

“ఆ ఏడే. అక్టోబర్లో.”

“రెండేళ్లు దాటింది డిల్విన్!”

“మొదట్లో కోపం. రోగం తేకపోతేనేం, వెళ్లడం వెళ్లాడుగా అనుకున్నాను. తనే పలక కట్టి, దొంగతనంగా వెళ్లాడుగా అని. తర్వాత కోపం పోయింది. అప్పటికి ఆలస్యమైందని సిగ్గు. మొన్న కాక అంతకు ముందు క్రిస్మస్‌కి వాళ్ల వీధి మొదట్లోకి వచ్చాను. వంటింట్లో తిరుగుతూ కనబడ్డాడు. కారు దిగలేకపోయాను.”

అతన్ని నానా మాటలూ అందామనుకున్నాను. నోటిదాకా వచ్చాయి. కానీ చెప్పొద్దని బాబాయ్‌కి సలహా ఇచ్చింది నేనే. ఆ రోజు ఆయన నా మాట వినుంటే ఆఖరిదాకా బ్లయిన్‌కూమ్‌లో టీ తాగుతూ ఉండేవాడు.

“ఒక్కటి చెప్పు ఎలెరీ” అన్నాడు డిల్విన్. “ఎవరైనా చెప్పుంటారా ఆయనకి? అనుమానమైనా వచ్చుంటుందా, తన వల్ల కాదని?”

అబద్ధం చెప్పొచ్చు. చెబితే ఆ పూటకైనా అతనికి నిద్ర పట్టేది.

“లేదు” అన్నాను. “తనే తెచ్చాననుకుంటూ పోయాడు.”

డిల్విన్ తలూపాడు. లోపల టీ పోస్తున్నారు, రమ్మన్నాను. రాలేదు. నేను లోపలికి వెళ్లి, కప్పులన్నీ కడిగి, తలుపు వేయడానికి బయటికి వచ్చేసరికి కూడా ఆ కొత్త మట్టి పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు.