ప్లేటు మీద కాలిన మచ్చ

పొద్దున్నే టీ తాగుతూ అత్త ఒక్కసారిగా తల వెనక్కి వాల్చింది. ముక్కులోంచి టీ కారి పైపెదవి మీదికి వచ్చింది. కొంగుతో తుడుచుకుని, ఏమీ జరగనట్టు గ్లాసు కింద పెట్టింది. నేను చూశానని ఆవిడకు తెలుసు. 

అప్పటికి ఏడాదిగా ఆ ముక్కులోంచి చుక్క రాలేదు. అత్త నోట్లో పైన కుడివైపు సగం అంగిలి లేదు. కేన్సర్ వచ్చి, విశాఖలో ఆపరేషన్ చేసి, ఆ వైపు పళ్లతో సహా తీసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య గోడ పడిపోయింది. ఏం తాగినా ముక్కులోకి ఎక్కేది, ఏం మాట్లాడినా గాలి అటే పోయి మూలుగులా వినిపించేది. మా కొబ్బరితోట ఈ చివర నిలబడి ఆ చివర చెట్లెక్కి కాయల దింపు తీసేవాళ్లను కేకేసి పిలిచే మనిషి, ఇంటికెవరైనా వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. ఆవిడ మాట నాకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. కన్నకొడుకు, మా ఆయనకు కూడా.

పడిపోయిన ఆ గోడ చోట అక్కడి ఆసుపత్రి డాక్టరమ్మ ఒక ప్లేటు చేసి పెట్టింది. గులాబీరంగు ప్లాస్టిక్ ప్లేటు, దానికే కట్టుడు పళ్లు, కన్నంలోకి సరిగ్గా దిగే బుడిపె ఒకటి. ఎడమవైపు మిగిలిన పళ్లను సన్నటి తీగ కొక్కేలతో పట్టుకుని ఉంటుంది. అది పెట్టిన రోజు అత్త అద్దం అడగలేదు. "అమ్మీ, మంచినీల్లు తే" అంది, గట్టిగా. గదిలో ఉన్న అందరికీ అర్థమైంది. నేను నీళ్ల సంగతి మర్చిపోయి అక్కడే ఏడ్చేశాను.

డాక్టరమ్మ ఆ రోజే వేలు చూపించి మరీ చెప్పింది. "ఈ మిగిలిన సగమే ప్లేటుకు ఆధారం. మళ్లీ అడ్డపొగ మొదలుపెట్టారంటే ఇది కూడా పోతుంది. అప్పుడు ప్లేటు చేసినా, తగిలించడానికి నోట్లో ఏమీ ఉండదు."

అడ్డపొగ అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా తీరంలో ఆడవాళ్ల అలవాటు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, చేసే పని మీద నుసి రాలదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అత్తకు వాళ్లమ్మ నేర్పింది. నేను కాపురానికొచ్చిన కొత్తలో, వంగి వాకిలి ఊడుస్తున్న మనిషి నోట్లోంచి పొగ వస్తూ నిప్పు మాత్రం ఎక్కడా కనిపించకపోతే హడలిపోయాను. నా మొహం చూసి ఆవిడ చీపురు కింద పడేసి నవ్వింది.

"ప్లేటు తియ్యి అత్తా, చూస్తాను" అన్నాను.

"టీ ఎక్కువ పోసీసుకున్నాను, అంతే. నీకు బస్సు టైమవతాంది, ఎల్లు."

"తియ్యి."

తీసి ఇచ్చింది. కడిగి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. బుడిపె పక్కన గోధుమరంగు మచ్చ. బ్రష్షుతో రుద్దాను, పోలేదు. గోరు పెట్టి చూస్తే పొక్కులా తగిలింది. ఆ అంచు కాస్త వంకర తిరిగి ఉంది.

"టీ మరకే అది" అంది అత్త, ప్లేటు లేని నోటితో, ముక్కుతో. నేనింకా ఏమీ అడగనేలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. టీ మరకకు పొక్కు వస్తుందా? ప్లేటు ఆవిడ చేతిలో పెట్టి, మాట్లాడకుండా బస్సెక్కాను.

నేను పలాసలో ఒక ఆఫీసులో గుమాస్తాను. అక్కడ బస్సు దిగగానే జీడిపిక్కలు కాల్చే వాసన వస్తుంది. రోజూ ఆ వాసన పట్టించుకోను. ఆ రోజు మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచాను. కాగితాల మీద చూపు నిలవలేదు. మధ్యాహ్నం తలనొప్పని చెప్పి బయటపడి, మా ఊరి మీదుగా మందస వైపు వెళ్లే ఆటో పట్టుకున్నాను.

ఇంటికి వీధి వైపు నుంచి పోలేదు. తోట వెనకనుంచి, చెప్పులు చేత పట్టుకుని నడిచాను. దొంగను పట్టుకోబోతున్న పోలీసులా నడుస్తున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. అయినా నడిచాను.

జీడిమామిడి నీడలో, కొబ్బరి డొక్కల కుప్ప వెనక అత్త గొంతుక్కూచుని ఉంది. బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. పెదవుల మధ్య చుట్ట కొస వేలి కణుపంత కనిపిస్తోంది. నిప్పు లోపల ఉంది. నన్ను చూసింది. లేవలేదు. నోట్లో నిప్పుంది కాబట్టి మాట్లాడలేదు.  ఆవిడే తియ్యాలి, తీసేదాకా కదలనని నిలబడ్డాను. ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది. వంకర తిరిగిన ప్లేటు సందులోంచి దూరి వస్తున్న పొగ అది. దాన్ని చూస్తూ నిలబడడానికి నాకెంత భయం వేసిందో చెప్పలేను.

చివరికి తీసి మట్టిలో గుచ్చింది.

"అరవకు. నానేటి ఎర్రిదాన్ననుకున్నావేటి? అప్పుడంటే తోలు, కాలిపోనాది. ఇప్పుడది పలాస్టిక్కు. కాల్తే అదే కాల్తాది గానీ నాకేటౌతాది?"

"మరి మిగిలిన సగం?"

"ఆ పక్కకి పెట్టను."

నోట్లో పొగకు ఈ పక్కా ఆ పక్కా ఉంటుందా! నేను అరిచాను. పక్క తోటలో దింపు తీస్తున్నవాళ్లు చెట్టు మీద కత్తి ఆపి చూసేటంతగా అరిచాను. "ఈసారి ఆ సగం కూడా పోతే ఏటి సేత్తావు? నీ మాట ఊరందరికీ తిరగేసి సెప్పే ఓపిక నాకు నేదు!" అన్నాను. కోపమొస్తే నాకూ ఊరి మాటే వస్తుంది. అత్త తల దించుకుని, మట్టిలో చుట్టను ఇంకా లోపలికి నొక్కింది.

సెలవు పెట్టి, పలాసలో రైలెక్కించి విశాఖ తీసుకెళ్లాను. డాక్టరమ్మ ప్లేటు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది. తర్వాత నోట్లోకి లైటు వేసి చూడడం మొదలుపెట్టింది.  నేను అత్త చెప్పుల వైపు చూస్తూ కూచున్నాను.

"ఎడమవైపు తెల్లమచ్చ వచ్చింది" అంది చివరికి. మత్తిచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. పాత ప్లేటు ఇక పెట్టొద్దంది. కొత్తది ఎప్పుడని అడిగాను. "రిపోర్టు మంచిదైతే చేస్తాను. చెడ్డదైతే ప్లేటు గురించి తర్వాత ఆలోచిద్దాం" అంది. తిరుగు రైల్లో అత్త మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉంది.

ఆ రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజులు పగవాళ్లకు కూడా వద్దు. ఫోన్ మోగితే గుండె జారేది. మోగకపోతే ఇంకా హడలు. మా ఆయన జీడిపిక్కల బేరాలు వదిలేసి ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ ఏమైనా అంటే, అర్థంకాక నా మొహం చూసేవాడు. ఓపిక లేదని అరిచిన నేనే ఆవిడ ప్రతి మాటా తిరగేసి చెప్పాను.

ఒక మధ్యాహ్నం అత్త టీ గ్లాసు తాగకుండా చెంపకు ఆనించుకుని కూచుంది. పక్కన కూచుని అడిగాను. "ఎందుకు కాల్చావత్తా?"

గ్లాసును రెండో చెంపకు మార్చుకుంది. తర్వాత ముక్కుతోనే, ఆగి ఆగి చెప్పింది. "పైన ఏడి తెలీదే అమ్మీ."

నాలుకకు వేడి తెలుస్తుందట, పైన తెలియదట. వయసులో ఉన్నప్పటి నుంచీ అంగిలికి ఆనిన వెచ్చదనం ఒక్కసారిగా పోయింది. పొద్దున్నే నీళ్లలోంచి తీసిన ప్లేటు పెట్టుకుంటే నోట్లో రాయి పెట్టుకున్నట్టు ఉండేదట. ఆ రాయి వెచ్చబడుతుందేమో చూద్దామని ఒకరోజు చుట్ట పెట్టింది. నాలుకకు వెచ్చగా తగిలింది. అంతే, ఇక మానలేకపోయింది. నాకు కోపం తగ్గలేదు, జాలీ ఆగలేదు. గ్లాసు తీసుకుని, చల్లారిన టీ మళ్లీ వేడిచేసి తెచ్చాను.

రిపోర్టు వచ్చింది. కేన్సర్ లేదు. "ఇప్పటికి లేదు" అని ఒత్తి చెప్పింది డాక్టరమ్మ. ఆ మచ్చ ఎప్పుడైనా కేన్సర్‌గా మారొచ్చు, తరచూ వచ్చి చూపించుకోవాలి, చుట్ట మాట మర్చిపోవాలి అంది. నేను వరండాలోకి వచ్చి బల్ల మీద కూలబడ్డాను. 

గాయం మానాక కొత్త ప్లేటు చేసింది. అది పెట్టబోతుంటే అత్త చెయ్యి అడ్డం పెట్టి ఏదో అడిగింది. డాక్టరమ్మకు అర్థంకాక నా వైపు చూసింది.

"ఇదైనా వెచ్చగా ఉంటుందా అని అడుగుతోంది" అన్నాను. 

డాక్టరమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "ఉండదమ్మా. వేడినీళ్లు మాత్రం పొయ్యకండి, మళ్లీ వంకర పోతుంది. రాత్రి తీసి మామూలు నీళ్లలోనే ఉంచాలి."

అప్పట్నుంచీ పొద్దున్నే ఆ ప్లేటు నీళ్లలోంచి తీసేది నేనే. ముందు కిటికీ దగ్గర పెట్టి మచ్చ కోసం వెతుకుతాను. నేను వెతకడాన్ని అత్త చూస్తూ ఉంటుంది. ఆ కాసేపూ ఇద్దరం ఊపిరి బిగబట్టే ఉంటాం. మచ్చ లేదని తేలాక దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, చలి విరిగేదాకా ఉంచి ఇస్తాను. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

మొన్న నాకు ఆలస్యమైంది. ప్లేటు కడిగి, వెలుగులో ఒకసారి చూసి, తడిగానే ఆవిడ చేతిలో పెట్టి సంచీ అందుకున్నాను. అత్త నోట్లో పెట్టుకుంది. మళ్లీ తీసి, నా ముందుకు చాపింది.

"సల్లగుందే" అంది.

ముక్కుతో అన్నా నాకు అర్థమైంది. బయట బస్సు హారన్ కొడుతోంది. నేను సంచీ కింద పెట్టి, ప్లేటును చేతుల్లోకి తీసుకున్నాను.