పలకలకెక్కిన పాపాయి బొమ్మలు

మొన్న ఆదివారం పూజ అయ్యాక, గుడివాడలో మా చర్చి పక్క హాల్లో పెళ్లి కుదిరిన జంటలకు క్లాసు చెబుతూ మా మేనకోడలు తన ఫోను పైకెత్తి, నెలలో ఏ రోజులు బిడ్డ నిలిచే రోజులో ఇదే రంగులేసి చూపిస్తుందని చెప్పేసరికి, వెనక బెంచీలో ఉన్న నేను పట్టలేని సంతోషంతో చప్పట్లు కొట్టేశాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూడనీ, ఆ రంగులు మావి! నాగాయలంక దగ్గర మా ఊళ్లో, ఇలాంటి ఫోన్లు ఎవరూ ఎరగని రోజుల్లో, ఆ రంగులనే పట్టుకుని ఇంటింటికీ తిరిగింది నేను.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాదైనా నిండలేదు, పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊరు. బందరులో సిస్టర్ల దగ్గర పదిరోజులు నేర్చుకుని, రేకు డబ్బా నిండా స్టిక్కర్లతో బస్సు దిగాను. బహిష్టు రోజులకు ఎరుపు, మామూలు రోజులకు ఆకుపచ్చ, బిడ్డ నిలిచే రోజులకు తెల్ల కాగితం మీద పాపాయి బొమ్మ. మాత్రలూ లూపులూ ఆపరేషన్లూ శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, ఒప్పదు, కడుపులో పడ్డాక తీయించుకోవడం ఆత్మను చంపే చావైన పాపం, కాన్పుకూ కాన్పుకూ ఎడం కావాలంటే పాపాయి ఉన్న రోజుల్లో ఆలుమగలు ఎడంగా ఉండాలి, అంతే. నలుగురేసి పిల్లల తల్లులకు ఈ పాఠం చెప్పడానికి నాకేమాత్రం మొహమాటం ఉండేది కాదు.

అందరిలోకీ శ్రద్ధగా స్టిక్కర్లు అంటించింది మా వదిన, అంటే మా అన్నయ్య భార్య. మూడో కాన్పులో రక్తం పోయి చచ్చి బతికింది, నాలుగోది వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చార్టు తలుపు వెనక మేకుకి వేలాడేది. అన్నయ్య మాట పెదవి దాటని మనిషి, పడకవేళ దాని వంక ఒక చూపు చూసి, పాపాయి కనబడితే దుప్పటి తీసుకుని అరుగు మీదికి వెళ్లిపోయేవాడు. అంతా చక్కగా సాగుతుండగా వాళ్ల పిల్లలు ముగ్గురూ ఆ పాపాయి బొమ్మల మీద మనసుపడి, నేను వదినకిచ్చిన డబ్బాలో ఉన్నవన్నీ తీసేసి పలకలకు అంటించుకున్నారు. గళ్లు ఖాళీగా ఉంటే బాగోదని, నేను బందరు నుంచి కొత్తవి తెచ్చిందాకా ఉంటాయిలే అని, వదిన వాటిలో ఆకుపచ్చవి అంటించింది. ఆ సంగతి అన్నయ్యకు చెప్పడానికి సిగ్గుపడింది. నేనేమో ఇవాళ వెళ్తాను రేపు వెళ్తాను అంటూ నెల గడిపేశాను. ఆకుపచ్చను నమ్మిన అన్నయ్య తప్పేముంది చెప్పండి.

వదినకు నెల తప్పింది. డాక్టరమ్మ తీయించేసుకోమంది, ప్రాణభయంతో మా అమ్మ కూడా ఏడుస్తూ అదే మాటంది. వదినే తేల్చి చెప్పింది.

"ఇది నా పిల్లలు పలకలకంటించి తెచ్చుకున్న పిల్ల. దీన్ని తీయించుకోను. బతికి బయటపడితే మాత్రం ఆపరేషన్ చేయించుకుంటా, అప్పుడు నాకు పాఠం చెప్పమాక అమ్మాయ్."

ఆడపిల్ల పుట్టింది, వదిన బతికింది, ఆ కాన్పులోనే ఆపరేషనూ అయింది. నేను మాత్రం ఊరుకోలేదు. ఆవిడ మళ్లీ గుడికొచ్చిన మొదటి ఆదివారమే, పశ్చాత్తాపపడి, ఫాదర్ గారి ముందు తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చెయ్యందే, పూజలో పంచే సత్ప్రసాదపు అప్పం తీసుకోకూడదని చెవిలో చెప్పాను. పాఠం ప్రకారం అది సరైన మాటే. బొమ్మలు తేనిది నేనన్న మాట మాత్రం మింగేశాను. చేసినందుకు బాధ లేనప్పుడు ఉందని ఫాదర్ గారితో అబద్ధమెట్టా ఆడేదని వదిన బెంచీలోనే కూర్చుండిపోయింది. వారం వారం అందరూ లేచి వెళ్తుంటే అలా ఎనిమిదేళ్లు కూర్చుంది, నేను వారం వారం చూశాను.

ఆ పిల్లకే తొలి సత్ప్రసాదం వేళ వచ్చింది. తల్లీ తండ్రీ చెరోపక్కా నడిచి బిడ్డతో పాటు తీసుకోవాలని ఫాదర్ గారు చెప్పారట, అమ్మ రాకపోతే తనూ తీసుకోనని పిల్ల మొండికేసింది. శనివారం సాయంత్రం వదిన నన్ను రెక్క పట్టుకుని గుడికి లాక్కెళ్లి, తను పాపసంకీర్తనం గూట్లోకి వెళ్లింది. బయట నేను జపమాల చుట్టు మొత్తం తిప్పేశాను, ఆవిడ రాదు. చివరికి చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది.

"బాధపడ్డవన్నీ చెప్పాను. పడనిదీ చెప్పాను. ఫాదర్ గారు అన్నీ విని, రేపు పిల్లతో రమ్మన్నారు."

ఆవిడ బయటికి రాగానే నేనూ లోపలికి వెళ్లాను. ఏం చెప్పానో మీకు తెలుసు.

మర్నాడు సంతోషంలో పాట పాడటం మరిచిపోయి మునివేళ్ల మీద లేచి చూశాను. పిల్ల తెల్లగౌను వేసుకుని ఒక చేత్తో కొవ్వొత్తి పట్టుకుంది, రెండో చెయ్యి వదిన చేతిలో ఉంది. వదిన ఎంతగా వణికిందంటే కొవ్వొత్తి దీపం కూడా నిలవలేదు.

మొన్న ఫోను పైకెత్తి క్లాసు చెప్పింది ఆ పిల్లే. వదిన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు గుడిలో అందరూ సత్ప్రసాదానికి వరుసకట్టి వెళ్తారు, ఎవరు లేచారో ఎవరు కూర్చున్నారో చూసేవాళ్లే లేరు, నాలాంటివాళ్ల చూపు తప్పడం మంచిదే. మొన్న పూజలో నేనూ ఆ వరుసలో నిలబడ్డాను, ముందావిడ జడలో కనకాంబరాలు చూస్తూ, ఇంటికెళ్లి ఏ కూర వండాలా అనుకుంటూ. అప్పట్లో నాలుక మీద పెట్టేవారు, ఇప్పుడు చేతిలో పెడుతున్నారు. ఆవేళ వదిన వణికినట్టు నా చెయ్యి వణకలేదు.