ధనలక్ష్మి అత్త నోరు తెరిచి అడిగింది

ఇవాళ పొద్దున్నే కల్లంలో మొదటి గోతం కుమ్మరించగానే ఎండుమిరప ఘాటు ముక్కుకెక్కి వరసగా ఏడు తుమ్ములు తుమ్మాను. ఏడో తుమ్ముకి ధనలక్ష్మి అత్త గుర్తొచ్చేసింది. అంతే, ఇక నోరు ఊరుకోవడం లేదు, ఆవిడ గురించి మీకు చెప్పెయ్యాలి!

అత్త అంటే మేనత్త కాదండోయ్. అద్దంకి చుట్టుపక్కల కల్లాల్లో తాలు ఏరే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. ఎర్రకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయల్ని ఏరెయ్యడం మా పని. తొమ్మిదిలో బడి మానేసిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. “కళ్ళు కాయల మీద పెట్టవే మణీ, చెవులు మనుషుల మీద పెట్టు. తల దించుకుని పని చేసేటప్పుడే మనిషి నిజం చెప్తాడు,” అనేది. నాకేమో చెవుల కంటే నోరు పెద్దది.

ఆ నోటితోనే ఒకరోజు మా శ్రీను అన్నయ్య మాట ముఠాలో పెద్ద జోకులా చెప్పాను. అన్నయ్య చీమకుర్తిలో గ్రానైటు పాలిష్ పని చేసేవాడు. అక్కడే గంజాయి అలవాటైంది. పని మానేసి ఇంటికొచ్చాడు, నిద్రలేదు, తిండిలేదు. ముందురోజు అన్నం దగ్గర, “కోతలయ్యేసరికి నేనుండన్లే,” అన్నాడు. అమ్మ గబుక్కున వాడి నోరు మూసింది: “థూ థూ! తథాస్తు దేవతలుంటార్రా!” నాన్న తలెత్తకుండానే, “గంజాయి మాటలే అయి. దిగితే పోతయ్,” అన్నాడు. నేను నవ్వేశాను. ఇదంతా యాక్షన్ చేసి మరీ చెబుతుంటే అత్త చేతులు ఆగిపోయాయి. ఆవిడ చేతులు ఆగడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

“వాణ్ణి ఆ తర్వాత ఏమడిగారే?”

“ఏం అడుగుతామత్తా, మత్తులో అన్నదానికి!”

“మా తమ్ముడూ మత్తులోనే అన్నాడు. మేమూ నవ్వాం. గంజాయి వల్ల దిగులొచ్చిందో, దిగులుకే గంజాయి తాగాడో నాకు ఈనాటికీ తెలీదు. వాడు లేడు, అంతే తెలుసు. పోయి మీ అన్నని తీసుకురా.”

మా వైపు తాలు ఏరడం ఆడవాళ్ళ పని. అన్నయ్య వచ్చి టార్పాలిన్ పట్టా మీద కూర్చోగానే కల్లమంతా గొల్లున నవ్వింది. “ఏరా శ్రీనూ, చీర కూడా తెమ్మంటావా?” అని ఒకావిడ. అత్త ఎవర్నీ ఆపలేదు. అరగంట వాణ్ణి ఏరనిచ్చింది. వెనకాలే వచ్చిన అమ్మ కూడా ఏరుతోంది. అప్పుడు, తల ఎత్తకుండా, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది:

“శ్రీనూ, చచ్చిపోవాలనిపిస్తందా?”

“అయ్యో వదినా, వాడికి నువ్వే గుర్తుచేస్తన్నావా!” అని అమ్మ గుండెలు పట్టుకుంది. అన్నయ్య ఒక తాలుకాయ తీశాడు. ఇంకోటి తీశాడు.

“అనిపిస్తందత్తా,” అన్నాడు. “తాగితే కాసేపు తగ్గుద్ది. దిగినాక ఇంకా ఎక్కువైద్ది. మళ్ళీ తాగుతా.”

“మంచిపని చేశావురా చెప్పి. ఇంక ఒక్కడివే మొయ్యబాకు.”

ఆ సాయంత్రానికి సరుకు లారీ రావాలి. అయినా అత్త కాయల మీద పట్టా కప్పేసింది! రైతు అరుస్తుంటే, “రేపు ఏరుకోవచ్చు నీ కాయలు, ఎక్కడికీ పోవు,” అని అన్నయ్యనీ నన్నూ ఆటో ఎక్కించింది. తనూ ఎక్కేముందు, ఈ గోల విని వచ్చిన నాన్నని పిలిచి, “అన్నా, మీ ఇంట్లో పురుగుమందులన్నీ తెచ్చి మా కొట్లో పెట్టి తాళమెయ్. పొలానికి కావాల్సినప్పుడు నన్నడుగు,” అంది. ఒంగోలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కూడా ఆ రెంటినీ విడదీయలేదు. గంజాయి మానడానికీ, మనసు దిగులుకీ కలిపే వైద్యం చెయ్యాలంది. మందులు రాసింది, వారం వారం రమ్మంది. ఒక్కరోజులో తేలలేదు. అన్నయ్య రెండుసార్లు మళ్ళీ తాగాడు. అమ్మ ఏడిస్తే, “జారాడు, పడలేదు. లేపి తీసుకుపోదాం పద,” అని అత్త ముందు నడిచేది.

అత్త గుండెజబ్బుతో పోయి ఏడాదైంది. అన్నయ్య మళ్ళీ చీమకుర్తిలోనే పనిలో చేరాడు. మొన్న సూపర్‌వైజర్ని కూడా చేశారు, తెలుసా! నేను మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేసి, అత్త అడిగినట్టే, డొంకతిరుగుడు లేకుండా అడుగుతాను. మొదట్లో నాలుక తిరిగేది కాదు. ఇప్పుడు వాడే నవ్వుతాడు: “లేదే తల్లీ, ఇవాళ బిర్యానీ తినాలనిపిస్తంది!” ఆ ‘లేదే’ వినగానే ఎగిరి గంతేస్తాను. ఒక్కసారి మాత్రం వాడు నవ్వకుండా, “కొద్దిగా అనిపిస్తందే మణీ,” అన్నాడు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. చెప్పులేసుకుని, వాడితో మాట్లాడుతూనే ఒంగోలు బస్సెక్కాను, మాట్లాడుతూనే అక్కడ బస్సు మారాను, మాట్లాడుతూనే వాడి గది తలుపు కొట్టాను.