తప్పు రంగుకు వేసిన ముడి

ఈ ఉదయం మగ్గం మీద ఎర్ర పోగొకటి పుటుక్కున తెగింది. గంజి వాసన వేళ్లకు అంటుతుండగా కొసలు వెతికి ముడేస్తుంటే సరోజమ్మ టీచరు నవ్వు మళ్లీ చెవిలో పడింది. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే నా కూతురు పద్మ రాస్తోంది.

సరోజమ్మ కోసిగి నుంచి వచ్చి మా పక్క గదిలో అద్దెకుండేది. ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పేది. నా భర్త చనిపోయిన ఏడాదే పద్మ ఆ పరీక్ష తప్పింది. ఈ ముక్క రాయమంటే మూతి ముడుస్తోంది, అయినా రాయించాను. చదివింది చాలు, ఇక మగ్గం మీద కూర్చోమన్నాను. ఆ మాట గోడవతల నుంచి విని టీచరు వచ్చేసింది.

"ఒక్క సాయంత్రం ఇయ్యక్కా. క్షయకరణ విభజన, అదే మియోసిస్ పాఠం, అదొక్కటే దీని తలకెక్కలేదు. రెండు రంగుల నూలు తీసుకరా."

"నూలుతో చదువొచ్చేదైతే నేనీపాటికి కలెక్టరయ్యుందును" అన్నాను. నూలు మాత్రం తెచ్చాను.

ఆమె మా ఇంటి బండల మీద సుద్దముక్కతో వలయం గీసింది. అది పద్మ ఒంట్లోని కణమట. పోగులు అందులోని క్రోమోజోములట, ఎర్రది వాళ్ల నాయనది, తెల్లది నాది. ఒక్కొక్కదానికీ అదే రంగు పోగును జతచేసి నడుమ కట్టింది. "ముందు ఇవి రెట్టింపైతాయి" అంది. రెండు జంటలనూ పక్కపక్కకు చేర్చి, ఒక ఎర్ర కొసనూ ఒక తెల్ల కొసనూ కత్తిరించింది.

"ఇప్పుడు కొసలు అటుదిటు, ఇటుదటు మార్చి ముడెయ్యి."

రెప్పపాటులో వేసిచ్చాను. టీచరు చూసి కడుపు పట్టుకుని నవ్వింది. ఎర్రకు ఎర్రే, తెల్లకు తెల్లే కలిపేశాను. తప్పు రంగుకు ముడేస్తే మా అమ్మ మొట్టికాయలు వేసి నేర్పిన చేయి అది, ఇంకేం చేస్తుంది?

అంతలో పద్మ పోగులు లాక్కుంది. "అట్ల గాదుమా. కొసలు మారాల. మారకుంటే నాయనది నాయనదే, నీది నీదే." కొసలు మార్చి కట్టింది. ఎర్ర జంటను ఒక వలయంలోకి, తెల్ల జంటను ఇంకో వలయంలోకి జరిపింది. తర్వాత నడుమ కట్లు విప్పి నాలుగు వలయాల్లో నాలుగు పోగులు పరిచింది. "మొదట రెండుండె. ఇప్పుడు ఒక్కోదాంట్లో ఒకటే, సగం. ఏ రెండూ ఒక తీరు లేవు సూడు."

"నేను చెప్పేదేమీ మిగల్లేదు" అంది టీచరు. "వీటిల్లో ఒకటి రేపు నీ మనవరాలికి పోతాదక్కా."

తెల్ల కొస ఉన్న ఎర్ర పోగును చేతిలోకి తీసుకున్నాను. నా భర్తా నేనూ ఒకే పోగులో ఉన్నాం.

"ఇంకా దీన్ని మగ్గం మీద కూచోబెడ్తావా?"

"నువ్వు నవ్వేది ఆపు టీచరమ్మా, పోతాదిలే కాలేజీకి" అన్నాను.

టీచరు బదిలీ మీద వెళ్లిపోయి ఏళ్లయింది. పద్మ ఇప్పుడు మైదుకూరులో పిల్లలకు అదే పాఠం చెబుతోంది. నూలు నా దగ్గరే తీసుకుపోతుంది. ముడి కూడా నేనే వేసిస్తాను, తప్పు రంగుకే.