గుండిగ ఒకరికి, మూత ఒకరికి

ఒంటారియో లండన్‌లో ఉదయం ఏడున్నరకు కదలాల్సిన బస్సు ఎనిమిదింటికి కదిలింది. తప్పు డ్రైవర్‌ది కాదు. ముందు సీటులో ఎవరు కూర్చోవాలో తేలలేదు. మా తెలుగు పెద్దల సంఘానికి అధ్యక్షులు డాక్టర్ రాఘవరావు గారు, కార్యదర్శి ఇంజినీరు నరసింహారెడ్డి గారు. ఇద్దరూ రిటైరయ్యారు. ఒకరు గుండెలు కోసినవారు, ఇంకొకరు హామిల్టన్‌లో ఉక్కు కరిగించినవారు. ముందు సీటు మాత్రం ఒక్కటే. చివరికి అందులో నా పులిహోర గుండిగను కూర్చోబెట్టి బెల్టు కట్టారు.

టొరంటో మ్యూజియంలో గ్రీకుల, రోమువాళ్ళ వస్తువులు చూసి, అంతంత రాజ్యాలు ఎలా లేచాయో, ఎలా కూలాయో తెలుసుకోవడానికి ఈ ప్రయాణం. తెలియజెప్పడానికి ఇద్దరూ విడివిడిగా ఉపన్యాసాలు రాసుకొచ్చారు.

నేను కోటమ్మను. సంఘంలో శనివారం వంట నాది. ఇప్పుడు నేను చెబుతుంటే మా అమ్మాయి సుజాత రాస్తోంది. అది ఆసుపత్రి డ్యూటీకి పోతే ఇంట్లో మనవరాలు నాతో ఇంగ్లీషులో మాట్లాడుతుంది, నేను దానితో గరిటెతో మాట్లాడతాను. మా ఆయన పోయాక నేను నోరారా మాట్లాడేది శనివారం ఒక్కరోజే. నాకు కారు రాదు. డాక్టరు గారి భార్య శారద గారు వచ్చి ఎక్కించుకుపోతారు. సంఘం మూతపడితే నా వారమంతా మూగదే. అందుకే ఆ పెద్దమనుషులిద్దరి ముఖాలూ నేను మబ్బుల్ని చూసినట్టు చూస్తుంటాను.

తొమ్మిదింబావుకు కేంబ్రిడ్జ్ దగ్గర కాఫీకి ఆగాం. వెళ్ళేవాళ్ళు బాత్రూము పని ఇక్కడే ముగించుకోండి. టొరంటో దగ్గర పడ్డాక రోడ్డు బిగుసుకుపోతుంది, ఇక ఎక్కడా ఆపరు. కాఫీ వేడిగా ఉంది. దాని గురించి అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

"కోటమ్మా, ఈయన వారం రోజులుగా అద్దం ముందు నిలబడి రోముని కూలుస్తున్నాడు," అన్నారు శారద గారు. "ఇవాళ మన ముందు కూల్చేస్తే నాకు తీరిక."

పదకొండింటికి చేరాం. టికెట్లు సంఘమే ముందుగా కొంది. లోపల ఒక గది నిండా రాతి తలలు. సగం తలలకు ముక్కుల్లేవు. "వీళ్ళు చక్రవర్తులు," అన్నారు డాక్టరు గారు. ముక్కు పోయినా ఆ చూపులో బిగువు తగ్గలేదు. మా కార్యవర్గం మీటింగు గుర్తొచ్చింది.

డాక్టరు గారు సంఘం మైకు తీశారు. దాని స్పీకరు పెట్టె ఇంజినీరు గారి సంచిలో ఉంది, ఆయన తియ్యలేదు. డాక్టరు గారు గొంతు పెంచారు. "బయటివాళ్ళు వచ్చి పడ్డారు కాబట్టే రోము పోయింది!"

"గట్ల కాదండి డాక్టర్ గారూ," అన్నారు ఇంజినీరు గారు. "లోపల కుర్చీ కొట్లాటతోనే పోయింది. ఒక్కడన్నా కుర్చీ వదిలిండా?"

"ఎవరినండీ మీరనేది?"

"రోమోళ్ళను. మీకెందుకు తాకింది?"

కాపలా అమ్మాయి వచ్చి పెదవుల మీద వేలు పెట్టింది. ఇద్దరూ గొంతు తగ్గించి తిట్టుకున్నారు.

నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. పెళ్ళైన కొత్తలో మా పల్నాడులో, కృష్ణ ఒడ్డున, పాతకాలపు ఊరి తవ్వకాల్లో మా ఆయన గడ్డపార వేస్తే నేను మట్టి తట్ట మోశాను. మూడు వేసవులు. పై గోడల్లో తగిలినవన్నీ సగం ఇటుకలు, ఎవరి గోడనో పీకి తెచ్చి పేర్చినవి. లోతుకు పోయేకొద్దీ మూరెడు పొడుగు నిండు ఇటుకలు. "కొత్తవి కాల్చడం మానేసి ఒకరి గోడ ఒకరు పీక్కున్నారు కోటీ, అక్కడే ఈ ఊరి పని అయిపోయింది," అన్నాడు మా ఆయన. చెమట తుడుచుకునేలోపు చెప్పేశాడు. మైకు అడగలేదు.

ఒకటిన్నరకు బయట బల్లల మీద భోజనం. పులిహోర, పెరుగన్నం. డాక్టరు గారి మనుషులు ఒక బల్ల, ఇంజినీరు గారి మనుషులు ఒక బల్ల. నేను మధ్యలో నిలబడి రెండువైపులా వడ్డించాను. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఇంజినీరు గారు కొత్త సంఘం ప్రకటించారు.

మూడున్నరకు తిరుగు ప్రయాణం. ఐదింటికి హామిల్టన్ దగ్గర టీకి ఆగితే, అక్కడ బస్సు నీడలో పంపకాలు మొదలయ్యాయి. మైకు డాక్టరు గారికి, స్పీకరు పెట్టె ఇంజినీరు గారికి. ఇక ఆ మైకు పలకదు, ఆ పెట్టె వినిపించదు. కుర్చీలు చెరి సగం. గుండిగ దగ్గర పేచీ వచ్చింది. సంఘం సొమ్ముతో కొన్నది కాబట్టి గుండిగ ఒకరికి, మూత ఒకరికి అన్నారు. గుండెలు కోసిన మనిషి, ఉక్కు కరిగించిన మనిషి కలిసి తేల్చిన న్యాయం అది. నాకు సగం ఇటుకలు కనబడ్డాయి.

మూత లాక్కుని గుండిగ మీద పెట్టి, రెంటినీ ఒళ్ళో పెట్టుకుని వెనక సీటులో కూర్చున్నాను. బస్సు కదిలాక డాక్టరు గారు వచ్చారు. "కోటమ్మా, వచ్చే శనివారం నువ్వు మావైపేగా?" ఆయన వెళ్ళగానే ఇంజినీరు గారు. "మా దిక్కే వస్తవు కదా కోటమ్మా?"

"ఎవరి గోడలోకీ రానయ్యా," అన్నాను ఇద్దరితోనూ. "వంట మా ఇంట్లో."

పక్కనున్న శారద గారు నవ్వారు. "అయితే నిన్ను తీసుకెళ్ళే పని తప్పింది. నేనే వస్తా."

ఈ ముక్క దగ్గర సుజాత రాయడం ఆపి, "మన ఇంట్లోనా? నన్నడిగావా?" అంది. రాయవే ముందు, అన్నాను.

మ్యూజియం చూడదగ్గదే. వెళ్ళండి, చలిగా ఉంటుంది, శాలువా తీసుకెళ్ళండి. ఏడింటికి, ఇంకా ఎండ ఉండగానే లండన్‌లో దిగాం. దిగేముందు నాకు తవ్వకాల్లో మొట్టమొదటి రోజు గుర్తొచ్చింది. ఆ సగం ఇటుకలకన్నా పైన మా ఆయన గడ్డపారకు మూడు రాళ్ళు తగిలాయి, మధ్యలో బూడిద. ఆ ఊరు కూలాక కూడా ఎవరో అక్కడ వండుకు తిన్నారు. ఆ పొయ్యి ఏ రాజుదని అడిగితే తవ్వకాలు చేయించే ఆఫీసరు గారు తల గోక్కున్నారు.

శనివారం పదకొండింటికి మా పెరట్లో పొయ్యి వెలుగుతుంది. ఆకలైనవాళ్ళు ఎవరైనా రావచ్చు. కుర్చీలు మాత్రం, పంపకంలో ఎవరికి వచ్చినవి వాళ్ళే మోసుకురావాలి.